పెద్ద ప్రాంగణాల ఈథర్నెట్ తనంతట తాను అమరాలి: తయారీదారులకు, ప్రమాణాల సంఘాలకు, సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ

నెట్‌వర్క్ పరికరాల తయారీ సంస్థల యాజమాన్యాలకు, ఈథర్నెట్ ప్రమాణాలను రూపొందించే సంఘాల సభ్యులకు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, పరిశోధన కేంద్రాల అధిపతులకు,

నమస్కారం.

కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్నెట్ పద్ధతిలో పెద్ద ప్రాంగణాల నెట్‌వర్క్‌లను నడిపే ఇంజినీర్లలో నేనొకడిని. పదుల భవనాలు, వందల స్విచ్చులు (తీగలన్నీ కలిసే పెట్టెలు), వేలాది పరికరాలు ఉండే చోట మా పని. ఒక చిన్న లూప్ (తీగలు గుండ్రంగా కలిసి సమాచారం అందులోనే తిరిగే స్థితి) వల్ల ప్రాంగణమంతా స్తంభించినప్పుడు లాగ్‌లు, నెట్‌వర్క్ పటం, జరిగిన వరుస అన్నీ జతచేసి తయారీదారు సహాయ కేంద్రానికి రాశాం. ‘కాన్ఫిగరేషన్ పొరపాటు’ అని ఒక్క మాట రాసి ఫిర్యాదును మూసేశారు. ఆ మాటను ఒప్పుకోలేక మళ్లీ రాస్తే, ఖరీదైన మరో ఉత్పత్తిని పరిచయం చేస్తూ జవాబు వచ్చింది. సంస్థ లోపల అడిగితే, నెట్‌వర్క్ ఇప్పుడు పనిచేస్తోంది కదా అన్నారు. వేర్వేరు సంస్థల్లో ఇదే పని చేసే సహోద్యోగులను కదిలిస్తే వాళ్ల అనుభవమూ ఇదే. అందుకే మీ ముగ్గురినీ కలిపి, అందరి ముందూ అడుగుతున్నాను.

నా ఫిర్యాదు ఒక్కటే. ఎవరో ఒకరు ఒక కేబుల్‌ను తప్పు పోర్టులో పెడితే వేలమంది పని ఆగిపోయేలా ఉంది మన నెట్‌వర్క్‌ల నిర్మాణం. ఆ నిర్మాణాన్ని మార్చే పద్ధతులు తెలిసి చాలా ఏళ్లయింది. అయినా మార్చకుండా, ప్రతిసారీ తప్పును కేబుల్ పెట్టిన మనిషి మీదో, ఆ స్విచ్చును అమర్చిన ఉద్యోగి మీదో వేస్తున్నారు.

ఈథర్నెట్ ఇంతగా గెలవడానికి కారణం మీకు తెలియనిది కాదు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈ సాంకేతికత పదేళ్లకు ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘపు ప్రమాణమైంది. కేబుల్ కలిపితే చాలు, పనిచేస్తుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే 48 బిట్ల మ్యాక్ చిరునామా వస్తుంది. ఏ చిరునామా ఏ పోర్టు వెనక ఉందో స్విచ్చు వచ్చిపోయే ఫ్రేములను (సమాచారపు పొట్లాలను) చూసి తనే నేర్చుకుంటుంది. ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. లూపులు రాకుండా 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో రేడియా పెర్ల్‌మన్, అదనపు దారులను మూసి ఉంచే స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రూపొందించారు. అది కూడా తనంతట తాను అమరే పద్ధతే. ఒక అంతస్తుకో, ఒక భవనానికో ఇది చక్కగా సరిపోయింది.

అదే పద్ధతి ప్రాంగణం స్థాయికి పెరిగేసరికి కుప్పకూలుతోంది. కారణం ఆ చిరునామాలోనే ఉంది. వీధి పేరు, ఇంటి నంబరు రాసిన ఉత్తరాన్ని చేర్చడం తేలిక. మనిషికి పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు ఒక్కటే రాసి చేర్చమంటే ఊరంతా అడిగి చూడాలి. మ్యాక్ చిరునామా అలాంటి నంబరు. దానిలో పరికరం ఎక్కడుందన్న సమాచారం ఉండదు కాబట్టి పది చిరునామాలను కలిపి ఒక వరుసలో రాసుకోవడం కుదరదు. తెలియని గమ్యానికి వచ్చిన ఫ్రేమును స్విచ్చు అన్ని పోర్టులకూ పంపుతుంది. ఇంటర్నెట్ వాడే ఐపీ చిరునామా ఒకటి ఏ కార్డుదో తెలుసుకోవాలంటే ఏఆర్‌పీ ప్రశ్న అందరి తలుపులూ తడుతుంది. పరికరాలు వందల్లో ఉన్నప్పుడు ఇది వినిపించని సందడి. పదివేలు దాటితే భరించలేని మోత.

దీనివల్ల మామూలు మనుషులు పడుతున్న ఇబ్బందులను వరుసగా మీ ముందు పెడుతున్నాను.

1. ఒక గదిలో పొరపాటు, అన్ని భవనాల్లో నిశ్శబ్దం. ఐపీ పాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది. కొన్ని మజిలీలు దాటాక అది రద్దవుతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు ఆ లెక్క లేదు. లూపులో పడిన బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే) ఫ్రేము తిరుగుతూనే ఉంటుంది, ప్రతి కూడలిలోనూ తన నకళ్లను పుట్టిస్తూ ఉంటుంది. స్పానింగ్ ట్రీ దీన్ని ఆపాలి. కానీ అందులో ఒక ప్రమాదకరమైన గుణం ఉంది. మూసి ఉంచిన పోర్టుకు అవతలి వైపు నుంచి నియంత్రణ సందేశాలు రావడం ఆగిపోతే, ‘ఇక లూపు లేదు’ అనుకుని ఆ పోర్టు తెరుచుకుంటుంది. అవతలి స్విచ్చు బతికే ఉండి, పని ఒత్తిడిలో సందేశం పంపలేకపోయినా అంతే. తెరుచుకున్న పోర్టు లూపును తెస్తుంది, లూపు ఒత్తిడిని పెంచుతుంది, ఒత్తిడి మరో పోర్టును తెరిపిస్తుంది. మౌనాన్ని అనుమతిగా తీసుకునే రక్షణ అది.

2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో జరిగింది దాదాపు ఇదే. భవనాలు, విభాగాలు కలుస్తూ నెట్‌వర్క్ పెరిగి, స్పానింగ్ ట్రీ ప్రమాణం సిఫారసు చేసిన ఏడు మజిలీల హద్దును దాటిపోయింది. అలాంటి స్థితిలో భారీగా డేటా బదిలీ జరిగేసరికి మొత్తం కుప్పకూలింది. నాలుగు రోజుల పాటు వైద్యులు, నర్సులు, ప్రయోగశాల సిబ్బంది కాగితాలు చేతపట్టుకుని తిరిగారు. ఆ ఆసుపత్రి సమాచార విభాగానికి అధిపతిగా ఉన్న జాన్ హలమ్కా జరిగినదంతా దాచకుండా బయటపెట్టారు. అందుకు ఆయనను నేను మనసారా గౌరవిస్తాను. ఆయన చెప్పిన తర్వాత రెండు దశాబ్దాలు దాటినా, అదే గుణం ఉన్న పద్ధతితో నడిచే స్విచ్చులు ఈరోజుకీ పెట్టెల్లోంచి బయటకు వస్తున్నాయి. 2001 నాటి వేగవంతమైన స్పానింగ్ ట్రీ చాలా సందర్భాల్లో కోలుకునే సమయాన్ని 30 నుంచి 50 సెకన్ల నుంచి బాగా తగ్గించింది. లూపులో పడిన ఫ్రేముకు మాత్రం ఆయుష్షు లెక్కను ఇవ్వలేదు.

ఈ ఒక్క అంశం మీద ఎక్కువ రాస్తున్నానని అనిపించవచ్చు. ఇప్పుడు ఫోన్లు ఈథర్నెట్ మీదే ఉన్నాయి. తలుపుల తాళాలు, నిఘా కెమెరాలు, రోగి పక్కన ఉండే యంత్రాలు, పరీక్ష రాస్తున్న విద్యార్థి కంప్యూటర్ అన్నీ అదే తీగ మీద ఉన్నాయి. నెట్‌వర్క్ ఆగిన క్షణాన, సహాయం కోసం చేసే ఫోను కూడా ఆగిపోతుంది.

2. అక్కర్లేని వారికి చేరే సమాచారం. స్విచ్చులో మ్యాక్ పట్టికకు పరిమితి ఉంటుంది. చవకైన వాటిలో 8 వేలో 16 వేలో చిరునామాలు. అది నిండితే కొత్త గమ్యాల ఫ్రేములన్నీ ఆ వీల్యాన్‌లోని (అవే తీగల మీద విడదీసిన ఉప నెట్‌వర్క్‌లోని) అన్ని పోర్టులకూ పోతాయి. ఒక విభాగం లెక్కలు మరో విభాగం గోడ వరకూ చేరతాయి. కావాలని పట్టికను నింపే దుర్మార్గుడు ఒక్కడుంటే చాలు, ఇది వినే సాధనంగా మారుతుంది.

3. చోటు మారితే పని ఆగుతుంది. పెద్ద నెట్‌వర్క్‌ను ముక్కలు చేసి మధ్యలో రూటర్లు పెట్టమని సలహా ఇస్తారు. లూపు తెచ్చే తుఫాన్లు ఆ ముక్కలోనే ఆగుతాయి, నిజమే. కానీ ప్రతి ముక్కకూ వేరే ఐపీ వరుస. ఒక భవనంలోని యంత్రాన్ని పక్క భవనానికి తీసుకెళితే దాని చిరునామా మారుతుంది, తెరిచి ఉన్న సంబంధాలు తెగుతాయి, పాత చిరునామా మీద రాసిన భద్రతా నియమాలు వర్తించడం మానేస్తాయి. రోగితో పాటు యంత్రం కదలాలి. పరిశోధకురాలితో పాటు ఆమె పరికరం కదలాలి. వాళ్లు మాకు ముందుగా అర్జీ పెట్టుకోవలసి వస్తోంది.

4. చేతి అమరికల భారం. చిరునామా మారకుండా ఉండాలంటే వీల్యాన్‌ను భవనాల మీదుగా సాగదీయాలి. దారిలో ఉన్న ప్రతి స్విచ్చులో, ప్రతి ట్రంకు పోర్టులో (పలు వీల్యాన్లను మోసే పోర్టులో) ఆ వీల్యాన్ నంబరు రాయాలి. ఒక్క చోట మరిచిపోతే చివరన ఉన్నవారికి నెట్‌వర్క్ లేదు. ఒక్క చోట ఎక్కువ రాస్తే అక్కర్లేని బ్రాడ్‌కాస్ట్ అటూ పోతుంది. 12 బిట్ల సంఖ్య కాబట్టి వాడుకోగలిగినవి 4,094 మాత్రమే. ఈ అమరికలన్నీ ఒకరిద్దరు ఉద్యోగుల తలల్లో ఉంటాయి. వాళ్లు బదిలీ అయితే మిగిలినవారు భయంతో దేన్నీ ముట్టుకోరు. కొత్త ప్రయోగశాల తలుపులు తెరిచి, లోపల కంప్యూటర్లు బల్లల మీద ఖాళీగా కూర్చోవడం ఇలాగే జరుగుతుంది.

5. డబ్బు పెట్టి వేసిన దారులు మూసి ఉంటాయి. స్పానింగ్ ట్రీ లూపును ఆపేది అదనపు లింకులను మూసే కదా. పైగా స్విచ్చుల ప్రాధాన్యాన్ని ఎవరూ అమర్చకపోతే అన్నిటికీ 32768 అనే ఒకే విలువ ఉంటుంది. అప్పుడు అతి తక్కువ మ్యాక్ చిరునామా ఉన్న స్విచ్చు ఆ చెట్టుకు వేరు, అంటే కేంద్రం, అవుతుంది. ఒకే తయారీదారు పరికరాల్లో అది తరచూ అన్నిటికంటే పాతదే. మూల గదిలోని ముసలి స్విచ్చు చుట్టూ ప్రాంగణమంతా అల్లుకుంటుంది.

ఈ ఐదు చిక్కులనూ విప్పే దారి తెలియక ఇలా ఉన్నామంటే సహించవచ్చు. దారి తెలుసు. స్పానింగ్ ట్రీ హద్దులను చూసి, దాని స్థానంలో మరో పద్ధతిని 2004లో ప్రతిపాదించింది రేడియా పెర్ల్‌మన్ గారే. స్విచ్చులు తమలో తాము రూటర్లలాగా పటం గీసుకుని అతి దగ్గరి దారిలో పంపడం, ఫ్రేముకు మజిలీల లెక్క తగిలించడం దాని సారం. ఐఎస్-ఐఎస్ అనే రూటింగ్ పద్ధతి నేరుగా ఈథర్నెట్ మీదే నడుస్తుంది. ముందుగా ఐపీ చిరునామాలు రాయనక్కర్లేదు. అందుకే స్విచ్చులు ఎవరి సాయమూ లేకుండా పటం గీసుకోగలవు. ఆ ప్రతిపాదన ట్రిల్ పేరుతో 2011లో ప్రమాణమైంది. ఐఈఈఈ వైపు నుంచి దాదాపు అదే ఆశయంతో షార్టెస్ట్ పాత్ బ్రిడ్జింగ్ 2012లో వచ్చింది.

అంతకుముందే, 2008లో, పరిశోధకులు చాంగ్‌హూన్ కిమ్, మాథ్యూ సీజర్, జెనిఫర్ రెక్స్‌ఫర్డ్ సియాటిల్ అనే నిర్మాణాన్ని ప్రచురించారు. పెద్ద సంస్థల కోసమే ఆలోచించిన ఆ రూపకల్పన నాకు ఇప్పటికీ ముచ్చట గొలుపుతుంది. అందులో స్విచ్చులు ఒకదాన్నొకటి తెలుసుకుంటాయి తప్ప, ప్రతి స్విచ్చూ ప్రతి కంప్యూటర్‌నూ గుర్తుపెట్టుకోదు. ఫలానా మ్యాక్ చిరునామా ఎక్కడుందన్న వివరాన్ని ఏ స్విచ్చు దాచాలో ఒక హాష్ లెక్క (చిరునామా నుంచి ఒక సంఖ్యను తీసే సూత్రం) తేలుస్తుంది. ఆ లెక్క అందరికీ ఒకటే కాబట్టి అడగవలసిన స్విచ్చు ఏదో ఎవరైనా తేల్చుకోవచ్చు. అందరినీ అడిగే ఏఆర్‌పీ ప్రశ్న ఒక్కరికే వెళ్లే ప్రశ్న అవుతుంది. ఐపీ చిరునామాలను పంచే డీహెచ్‌సీపీ సర్వరును వెతకడమూ అంతే. ఒక స్విచ్చు చనిపోతే దాని భాగంలోని వివరాలు మాత్రమే మరో స్విచ్చుకు మారతాయి. పరికరం చోటు మారితే ఆ వివరం సరిదిద్దబడుతుంది, చిరునామా మారదు. కేబుల్ పెడితే పనిచేయాలన్న పాత మాటను చెరపకుండానే ప్రాంగణమంత పెద్దదిగా ఎదిగే పద్ధతి ఇది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి బాధగా ఉంది. ప్రమాణాలు రెండుగా చీలాయి. కొందరు తయారీదారులు ప్రమాణానికి దగ్గరగా ఉన్నా దానితో కలవని తమ సొంత రూపాలను అమ్మారు. నేడు పెద్ద ప్రాంగణాలకు చూపిస్తున్నది, ఉన్న నెట్‌వర్క్ మీద మరో పొరగా నడిచే వీఎక్స్‌ల్యాన్, ఈవీపీఎన్ జంటను. 24 బిట్ల గుర్తింపుతో కోటి అరవై లక్షలకు పైగా విభాగాలు చేయగలదు, దారులన్నీ వాడుకోగలదు, ఏఆర్‌పీ మోతను తగ్గించగలదు. మంచి సాంకేతికత, కాదనను. కానీ డేటా కేంద్రాల అవసరాల నుంచి ఎదిగిన ఆ పద్ధతిని చేత్తో అమర్చాలంటే ప్రతి స్విచ్చులో బీజీపీ (రూటర్లు దారులను పంచుకునే పద్ధతి) పొరుగువారు, లూప్‌బ్యాక్ చిరునామాలు, మార్గ గుర్తులు, ఇంకా ఎన్నో రాయాలి. ఆ క్లిష్టతను కప్పడానికి, స్విచ్చులన్నిటినీ ఒకేచోట నుంచి అమర్చే ఒక కంట్రోలర్‌ను, దానికి ఏటేటా చందాను అమ్ముతున్నారు. కొన్ని ఉత్పత్తులలో లైసెన్సు గడువు దాటితే, బాగా ఉన్న స్విచ్చు కూడా పనిచేయడం మానేస్తుంది. తనంతట తాను అమరే గుణం ఒకప్పుడు ఈథర్నెట్‌తో ఉచితంగా వచ్చేది. ఇప్పుడు అద్దెకు దొరుకుతోంది.

మీ వైపు నుంచి వచ్చే రెండు అభ్యంతరాలు నాకు తెలుసు. నెట్‌వర్క్ అంతా విభజన లేకుండా ఒకటిగా ఉంటే భద్రత ఉండదంటారు. అందరూ అందరితో మాట్లాడాలని నేను అడగడం లేదు. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో పరికరం గుర్తింపును బట్టి తేల్చాలి, అది ఏ గోడకున్న ఏ పోర్టులో ఉందన్నదాన్ని బట్టి కాదు. పరికరం గుర్తింపును తనిఖీ చేసే 802.1ఎక్స్ ప్రమాణం 2001 నుంచి ఉంది. ఇక రెండోది: ఆటోమేషన్ స్క్రిప్టులు ఉన్నాయి కదా అని. స్క్రిప్టు మా చేతిని వేగంగా కదిలిస్తుంది, తప్పును కూడా అదే వేగంతో వందల స్విచ్చులకు చేరుస్తుంది. అసలు రాయవలసిన అమరికలే తగ్గాలన్నది మా కోరిక.

మా డిమాండ్లు ఇవి.

తయారీదారులకు:

1. పెట్టెలోంచి తీసి కేబుల్ కలిపిన స్విచ్చు పొరుగు స్విచ్చులను గుర్తించి, పటం గీసుకుని, మజిలీల లెక్కతో ఫ్రేములను పంపాలి. ఇది కంట్రోలర్ లేకుండా, చందా లేకుండా జరగాలి. కంట్రోలర్ ఉంటే సౌకర్యం. లేకపోతే నెట్‌వర్కే లేకపోవడం మాకు సమ్మతం కాదు.

2. లూపు రక్షణ పుట్టుకతోనే ఆన్ అయి ఉండాలి. స్విచ్చుల మధ్య లింకుపై నియంత్రణ సందేశాలు ఆగితే పోర్టు మూసుకోవాలి. కంప్యూటర్లు కలిసే పోర్టులో మరో స్విచ్చు జాడ కనిపిస్తే ఆ పోర్టు ఒక్కటే ఆగాలి, ఎందుకు ఆగిందో మామూలు భాషలో చెప్పాలి. ఈ రక్షణలు మీ పరికరాల్లో ఇప్పటికే ఉన్నాయి. చాలావాటిలో వాటిని వెతికి ఆన్ చేసుకునే బాధ్యతను మాకు వదిలేశారు.

3. ప్రతి నమూనాకూ పరీక్షించిన హద్దులను ప్రచురించండి: ఎన్ని స్విచ్చులు, ఎన్ని పరికరాలు, ఒక లింకు తెగితే కోలుకోవడానికి ఎంత సమయం, పట్టిక నిండితే ఏం చేస్తుంది. ఇతర తయారీదారుల పరికరాలతో కలిపి చేసిన పరీక్షల ఫలితాలు, విఫలమైనవి సహా, అందులో ఉండాలి.

4. లైసెన్సు గడువు ముగిసిందని ఫ్రేములను పంపడం ఆపే పద్ధతిని వెంటనే మానండి. ఆసుపత్రిలో, పరీక్షా కేంద్రంలో మీ బిల్లింగ్ తేదీ ప్రమాదకారణం కాకూడదు.

ప్రమాణాల సంఘాలకు:

5. ప్రాంగణాల కోసం ఒకే నిర్దేశిక ఇవ్వండి. ట్రిల్, షార్టెస్ట్ పాత్ బ్రిడ్జింగ్, ఈవీపీఎన్ అనుభవాలు ముందే ఉన్నాయి. వాటిలో ఏ భాగాలు తప్పనిసరో, అమరికలేవీ రాయకుండా ఏవి పనిచేయాలో తేల్చి చెప్పండి. ఐచ్ఛికం అన్న ప్రతి మాటా రేపు రెండు కంపెనీల పరికరాలు కలవకపోవడానికి కారణమవుతుంది.

6. కొత్త పరికరం సురక్షితంగా చేరే పద్ధతిని 2021లో ఆర్ఎఫ్‌సీ 8995 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా తెచ్చారు. అది తయారీదారు ఇచ్చే వోచరు (పరికరం ఎవరిదో చెప్పే డిజిటల్ పత్రం) మీద ఆధారపడుతుంది. ఆ తయారీదారు వ్యాపారం మూసేసినా, ఇంటర్నెట్ లింకు తెగి ఉన్నా ప్రాంగణం తన స్విచ్చును తాను చేర్చుకోగలగడం ఐచ్ఛికంగా కాక, తప్పనిసరి నియమంగా ఉండాలి.

సంస్థల అధిపతులకు:

7. కొనుగోలు పత్రంలో పోర్టు ధర పక్కన పై షరతులను రాయండి. మీరు అడగనంత కాలం వాళ్లు ఇవ్వరు. మేము ఎన్ని లేఖలు రాసినా, మీ ఒక్క సంతకానికి ఉన్న బలం వాటికి లేదు.

8. ఏడాదికి ఒకసారైనా, ముందుగా ప్రకటించి, ప్రధాన లింకును తెంపి చూడండి. స్పానింగ్ ట్రీకి కేంద్రంగా ఏ స్విచ్చు ఉందో, మజిలీలు ఎన్నున్నాయో చూపే తాజా పటం మీ బల్ల మీద ఉండాలి. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు కాగితాల మీద పని ఎలా సాగాలో సిబ్బందికి ముందే తెలియాలి.

9. నెట్‌వర్క్ కూలినప్పుడు జరిగింది రాసి బయటపెట్టండి. బోస్టన్ ఆసుపత్రి అలా చేయబట్టే మా తరం ఇంజినీర్లు ఆ పాఠం నేర్చుకున్నారు. ఎవరు కేబుల్ పెట్టారన్నదాని కంటే, ఒక్క కేబుల్ అంత నష్టం ఎందుకు చేయగలిగిందన్న ప్రశ్నకు ఆ నివేదిక జవాబు చెప్పాలి.

ఈ తొమ్మిదింటిలో దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని ఎప్పటిలోగా చేస్తారో, దేన్ని చేయలేరో కారణంతో సహా బహిరంగంగానే జవాబివ్వండి. సహాయ కేంద్రం ఫిర్యాదు సంఖ్య మాకు వద్దు. మొదటి నాలుగు అంశాలకు వచ్చే ప్రతి తయారీదారు జవాబునూ, రాకపోతే ఆ సంగతినీ, మా సంస్థల తదుపరి కొనుగోలు కమిటీల ముందు పెడతాం.

ఇట్లు,
పెద్ద ప్రాంగణాల నెట్‌వర్క్ నిర్వహణలో పనిచేస్తున్న ఒక ఇంజినీరు